ఒళ్లంతా ఊపిరి

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన కురిసిన రాత్రి చెరువు కింది మళ్లలోకి టార్చిలైటు వేసి చూస్తే, చీలమండ లోతు నీళ్లలో నిమ్మపండు రంగువి ఏవో కదులుతూ కనిపిస్తాయి. అవి బోదురు కప్పలు. మొన్నటిదాకా బురద రంగులో గట్టు మీది గడ్డిలో కలిసిపోయిన మగ కప్పలే ఇవి. తొలకరికి ఒళ్లంతా పసుపెక్కింది. దవడల కింద రెండు పక్కలా ముదురు నీలం సంచులు ఉబ్బుతాయి, తగ్గుతాయి. ఉబ్బినప్పుడల్లా ఒక అరుపు. పాతిక ముప్ఫై ఒక్కచోట చేరి అందుకున్నాయంటే ఊరి చివరి ఇళ్లలో పక్కమనిషి మాట వినపడదు.

ఆడకప్ప మాత్రం తన మామూలు గోధుమ రంగులోనే వస్తుంది. మరి మగవాటికి ఈ రంగెందుకు? బోదురు కప్పకు దూరపు బంధువైన గోండ్రు కప్పలోనూ మగవి జత కట్టే వేళకు పసుపు రంగుకు మారతాయి, అదీ నిమిషాల్లో. వియన్నాలోని షోన్‌బ్రున్ జూలో పరిశోధకులు పసుపువి, గోధుమ రంగువి కప్ప బొమ్మలు చేసి వాటి ముందు పెట్టారు. మగ కప్పలు గోధుమ రంగు బొమ్మల వెంట పడ్డాయి, పసుపు బొమ్మల జోలికి పెద్దగా పోలేదు. వందల కప్పలు ఒక్క రాత్రి ఒక్క గుంటలో చేరినప్పుడు మగది మగదాన్నే పట్టుకుని పెనుగులాడటం వల్ల సమయం, సత్తువ రెండూ వృథా. ‘నేనూ మగదాన్నే, వదులు’ అని దూరం నుంచే చెప్పడానికి ఆ పసుపు పనికొస్తుంది.

తొందర దేనికంటే, ఆ గుంట ఎన్నాళ్లుంటుందో తెలియదు. వాన మళ్లీ మొహం చాటేస్తే పెట్టిన గుడ్లు ఎండిపోతాయి. కప్ప బతుకంతా ఈ నీటి లెక్క మీదే నడుస్తుంది. ఆ లెక్క చూసుకునేది దాని చర్మం.

నోటితో తాగదు

కప్ప నీళ్లు తాగుతుండగా చూసినవారెవరూ ఉండరు. ఎందుకంటే అది నోటితో తాగదు. తడి నేల మీద కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, పొట్టను నేలకు ఆనించి కదలకుండా కూర్చుంటుంది. పొత్తికడుపు కింద, తొడల లోపలి వైపు ఉండే చర్మం మిగతా చోట్ల కంటే పల్చన, దాని అడుగున రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. నేలలోని తడి అక్కడి నుంచే ఒంట్లోకి ఇంకుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పీయూష గ్రంథి నుంచి వాసోటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో ఆ చర్మం మరింత నీటిని పీలుస్తుంది, మూత్రపిండాలు నీళ్లు బయటికి పంపడం తగ్గిస్తాయి. మూత్రాశయంలో నిలవ ఉన్న నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. మనకు మూత్రాశయం వదిలించుకోవలసిన దాన్ని కాసేపు దాచుకునే చోటు. కప్పకు అదే కరువు కాలపు నీళ్ల తొట్టి.

ఈ తొట్టితో ఎంత కాలం నెట్టుకురావచ్చో ఆస్ట్రేలియా ఎడారుల్లోని ఒక కప్ప చూపిస్తుంది. వానలు పడ్డప్పుడు ఒళ్లంతా నీరు నింపుకుని నేల లోపలికి దిగిపోతుంది. విడిచిన చర్మపు పొరలనే ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, నాసికారంధ్రాలు తప్ప అంతా మూసేసుకుంటుంది. మళ్లీ వాన వచ్చేదాకా, ఒక్కోసారి ఏళ్ల తరబడి, అలాగే ఉండిపోతుంది. దాహమైనప్పుడు ఆ కప్పల్ని తవ్వి తీసి, ఒత్తి నీళ్లు తాగడం అక్కడి ఆదివాసీలకు తరతరాలుగా తెలిసిన విద్య.

మన దగ్గరా నేల తవ్వే కప్పలున్నాయి. దక్కన్ ఎర్ర నేలల్లో, చేల గట్ల కింద ఉండే పొట్టి, బొద్దు కప్పల వెనక పాదం అంచున పార మొనలా గట్టి బొడిపె ఉంటుంది. కప్ప వెనక కాళ్లతో మట్టిని పక్కలకు నెడుతూ, ముఖం మనవైపే పెట్టి, వెనక్కి వెనక్కి నేలలోకి దిగుతుంది. కాసేపటికి కళ్లు మాత్రమే పైన మిగులుతాయి, తర్వాత అవీ మాయం. కేరళలోని ఇడుక్కి ప్రాంతం నుంచి 2003లో శాస్త్రలోకానికి పరిచయమైన ఊదారంగు కప్పదైతే ఇంకా విడ్డూరం. ఏడాదంతా భూగర్భంలోనే ఉండి చెదలు తిని బతుకుతూ, వానాకాలం ముందు కొద్ది రోజులు మాత్రం పైకొచ్చి, జత కట్టి, మళ్లీ దిగిపోతుంది. దాని దగ్గరి చుట్టాలు ఇక్కడెక్కడా లేవు, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. భారత భూభాగం, ఆ దీవులు ఒకే నేలగా కలిసి ఉన్న కాలపు వంశం అది.

నీళ్లు పీల్చే చర్మమే గాలినీ పీలుస్తుంది. కప్పకు ఊపిరితిత్తులున్నాయి గానీ, వాటిని సాగదీసి గాలి నింపడానికి మనకున్నట్టు పక్కటెముకల గూడు, విభాజక పటలం లేవు. నోరు మూసుకుని, ముక్కుల్లోంచి నోట్లోకి గాలి తీసుకుని, ముక్కులు మూసి, గొంతు అడుగు భాగాన్ని పైకెత్తి ఆ గాలిని లోపలికి తోస్తుంది. కూర్చున్న కప్ప గొంతు అస్తమానం ఆడుతూ కనిపించేది అందుకే. నోరు తెరిచి పట్టుకుంటే కప్ప ఊపిరితిత్తుల్లోకి గాలి నింపుకోలేదు. ఆ లోటును తీర్చేది చర్మం. కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం చర్మం గుండానే బయటికి పోతుంది. నీటి అడుగున ఉన్నంతసేపూ ఆక్సిజన్ కూడా అక్కడి నుంచే అందుతుంది. గుండెలో రెండు కర్ణికలు, ఒకటే జఠరిక. అక్కడి నుంచి బయలుదేరే ఒక ధమని ఊపిరితిత్తులకు, చర్మానికి కలిపి రక్తం మోసుకుపోతుంది. అంటే కప్ప దేహం దృష్టిలో చర్మమూ ఒక ఊపిరితిత్తే. బోర్నియో దీవిలో చల్లటి వేగపు వాగుల్లో ఉండే ఒక కప్పకు అసలు ఊపిరితిత్తులే లేవని 2008లో ప్రకటించారు. దానికీ ఊపిరితిత్తులున్నాయని 2024లో స్కాన్లలో తేలింది.

ఇంత సన్నటి, తడి చర్మం శత్రువుకూ సూక్ష్మజీవులకూ తేలిగ్గా లొంగాలి. అందుకే దానికి సొంత కాపలా ఉంది. గోండ్రు కప్ప కళ్ల వెనక ఉబ్బెత్తుగా కనిపించే గ్రంథుల్లో విషం ఉంటుంది, నోట కరచిన కుక్క నురగలు కక్కుతుంది. ఈ కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది మాత్రం ఉత్త మాట, పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి. కొలంబియా అడవుల్లోని బంగారు రంగు విషకప్ప విషాన్ని అక్కడి ఆదివాసీలు బాణపు ములుకులకు పూసేవారు. అదే జాతి కప్ప పెట్టెలో పుట్టి, వేరే తిండితో పెరిగితే దానికి విషం ఉండదు. విషం దాని సొంతం కాదు, అడవిలో తిన్న పురుగుల నుంచి కూడబెట్టుకున్నది.

అరుపు ఖరీదు

కప్పలు అరిస్తే వాన వస్తుందని మన పల్లెల నమ్మకం. వానలు రాకపోతే కప్పను రోకలికి కట్టి, వేపాకులు చుట్టి, పిల్లలు ఇంటింటికీ తిప్పడం, ఇల్లాళ్లు చెంబుతో నీళ్లు పోయడం, కొన్నిచోట్ల కప్పలకు పెళ్లి చేయడం ఇప్పటికీ ఉంది. ఋగ్వేదం ఏడో మండలంలో ఒక సూక్తమే కప్పల మీద ఉంది. ఏడాదంతా మౌనంగా పడుకుని వాన తగలగానే గొంతెత్తే కప్పల్ని అందులో ఋషి గమనించి చెప్పిన తీరు ఈనాటి జీవశాస్త్రవేత్తకు కూడా నచ్చుతుంది. గాలిలో తేమ, నేలలోకి దిగిన తడి, చల్లబడ్డ వాతావరణం కప్పను మనకంటే ముందు తాకుతాయి. అది వానను పిలవదు, వచ్చే వానను ఒంటితో పసిగడుతుంది.

అరిచేది దాదాపు ఎప్పుడూ మగదే. ఊపిరితిత్తుల్లోని గాలిని డొక్కల కండరాలతో నోటిలోకి, గొంతు సంచిలోకి నెడుతుంది. దారిలో స్వరతంత్రులు అదురుతాయి. నోరు మూసే ఉంటుంది కాబట్టి అదే గాలి మళ్లీ వెనక్కి పోయి ఇంకో అరుపుకు పనికొస్తుంది. గాలి వృథా కాదు గానీ సత్తువ మాత్రం కరిగిపోతుంది. కొన్ని రకాల్లో అరుస్తున్నప్పుడు ఆక్సిజన్ వాడకం విశ్రాంతి వేళ కంటే పది, ఇరవై రెట్లకు చేరుతుంది. రాత్రంతా అరిచే మగకప్ప తిండి మానేసి, పొడుగాటి పరుగుపందెం పరుగెత్తుతోందన్న మాట. అందుకే అరవలేని చిన్న మగవి కొన్ని, బాగా అరిచేదాని పక్కన నోరు మూసుకుని కూర్చుని, అటువైపు వచ్చే ఆడకప్పను దారిలోనే పట్టుకోజూస్తాయి.

అరుపుకు సత్తువతో పాటు ప్రాణభయమూ ఉంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో టుంగారా అనే చిన్న కప్ప మీద మైఖేల్ రయాన్ 1970ల చివర్లో మొదలుపెట్టిన పరిశోధన ఈ రంగంలో ఒక మైలురాయి. ఆ మగకప్ప ముందు ఒక సన్నటి కూత కూస్తుంది. పోటీ పెరిగితే కూత చివర ‘టక్’మనే ముక్తాయింపులు చేరుస్తుంది. ముక్తాయింపులున్న కూతే ఆడకప్పకు ఇష్టం. కప్పల్ని వేటాడే గబ్బిలానికీ అదే ఇష్టం. పోటీదారు పక్కనుంటే ముక్తాయింపు వేయక తప్పదు, వేస్తే గబ్బిలం వచ్చి పడవచ్చు. ప్రతి రాత్రీ ప్రతి మగకప్పా ఈ బేరం ఆడుకుంటూనే ఉంటుంది.

అంత హోరులో ఆడకప్ప తనవాడి గొంతు ఎలా పోల్చుకుంటుంది? దాని లోపలి చెవి తన జాతి అరుపులోని స్థాయిలకే ఎక్కువ స్పందించేలా అమరి ఉంటుంది. అమెరికాలోని ఆకుపచ్చ చెట్టు కప్ప మీద 2021లో వచ్చిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. కప్ప గాలి నింపుకున్నప్పుడు ఊపిరితిత్తులు అదిరి, ఇతర జాతుల అరుపుల స్థాయికి కర్ణభేరి స్పందనను తగ్గిస్తాయి. తన జాతి గొంతు మాత్రం యథాతథంగా వినిపిస్తుంది. ఊపిరితిత్తికి వినికిడిలో పాత్ర ఉంటుందని ఎవరు ఊహిస్తారు!

కన్ను మింగుతుంది

చుట్టూ చచ్చిన ఈగలు కుప్పగా పోసి ఉన్నా కప్ప ఆకలితో మాడిపోగలదు. ఎందుకంటే కదలని ఈగ దానికి తిండి కాదు. 1959లో అమెరికాలోని ఎంఐటీలో లెట్విన్, మటురానా, మెకల్లక్, పిట్స్ అనే నలుగురు కప్ప దృష్టి నాడుల్లోని సంకేతాలను ఒక్కొక్కటిగా కొలిచారు. చిన్న నల్లటి చుక్క కదిలితే తప్ప స్పందించని నాడులు అందులో బయటపడ్డాయి. కన్ను చూసిందంతా మెదడుకు పంపదు, పనికొచ్చేదాన్ని కంటిలోనే ఏరి పంపుతుందన్న ఆలోచనకు ఆ పని గట్టి పునాది వేసింది.

కదిలిందా, ఇక క్షణం ఆగదు. కప్ప నాలుక మనకులాగా వెనక కాదు, నోటి ముందు భాగంలో అతికి ఉంటుంది. మడత విప్పుకుని బయటికి దూకుతుంది. చిరుతకప్ప 0.07 సెకను లోపే పురుగును నోట వేసుకుంటుందని 2017లో జార్జియా టెక్ పరిశోధకులు చెప్పారు. ఆ నాలుక మన నాలుక కంటే సుమారు 10 రెట్లు మెత్తన. పురుగును తాకగానే దాని చుట్టూ ఒదిగిపోతుంది. లాలాజలం తాకిన అదురుకు పల్చబడి పురుగు ఒంటి సందుల్లోకి పారి, నాలుక వెనక్కి మళ్లేటప్పుడు చిక్కబడి దాన్ని పట్టేసుకుంటుంది. మరి అంత గట్టిగా అంటుకున్నదాన్ని మింగడం ఎలా? కప్ప కళ్లు మూస్తుంది. కనుగుడ్లు గుంటల్లోంచి నోటి పైభాగంలోకి దిగి, పురుగును నాలుక మీద నుంచి ఒలిచి గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. కప్ప తింటున్నప్పుడు కళ్లు లోపలికి పోతూ వస్తూ ఉండటం ఎవరైనా గమనించవచ్చు.

తోక కరిగే రోజులు

ఇళ్లలో నీళ్ల తొట్ల పక్కన, స్నానాల గదుల గోడల మీద కనిపించే చెట్టు కప్ప గుడ్లు నీటిలో పెట్టదు. నీటి మీదికి వంగిన కొమ్మకో, తొట్టి గోడకో అతుక్కుని, ఆడకప్ప తాను వదిలిన జిగురును వెనక కాళ్లతో చిలుకుతుంది. తెల్లటి నురగ గూడు తయారవుతుంది. దాని పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల గుడ్లు తడిగా ఉంటాయి. కొద్ది రోజులకు తోకకప్పలు ఆ నురగలోంచి టపటపా నీళ్లలోకి రాలతాయి.

తోకకప్ప కప్పగా మారడం బడి పుస్తకాల్లో నాలుగు బొమ్మల్లో అయిపోతుంది. లోపల జరిగేది ఇల్లు కూలగొట్టి, అందులో కాపురం ఉంటూనే ఇంకో ఇల్లు కట్టుకోవడం. నాచు తినే తోకకప్పకు చుట్టలు చుట్టుకున్న పొడుగాటి పేగు ఉంటుంది, పురుగులు తినే కప్పకు అది కురచబడాలి. మొప్పలు పోవాలి, ఊపిరితిత్తులు పనికి రావాలి, నోరు మారాలి, కాళ్లు రావాలి. ఇదంతా నడిపేది థైరాయిడ్ హార్మోన్. 1912లో గూడర్‌నాష్ అనే శాస్త్రవేత్త గుర్రపు థైరాయిడ్ ముక్కలు తోకకప్పలకు తినిపిస్తే, అవి ఎదగకముందే ఈగంతేసి కప్పలైపోయాయి. మారే రోజుల్లో నోరు సగం పాతది, సగం కొత్తది కావడంతో తిండి తినడం కుదరదు. అప్పుడు తోకలోని కణాలు తమను తాము జీర్ణం చేసుకుని దేహానికి ఆహారమవుతాయి.

బోదురు కప్ప పిల్లలు మాత్రం నాచుతో ఊరుకోవు. మాంసం తింటాయి, సాటి తోకకప్పల్నీ వదలవు. ప్రధాన భూభాగం నుంచి అండమాన్ దీవులకు చేరిన బోదురు కప్ప అక్కడి స్థానిక కప్పలకు పెద్ద ముప్పుగా మారడానికి ఈ తిండి కూడా ఒక కారణం. మన పొలానికి మేలు చేసే ప్రాణే మరోచోట కీడు చేస్తోంది.

గుండె ఆగినా

ఉత్తర అమెరికాలోని అడవి కప్ప చలికాలంలో రాలిన ఆకుల కింద పడుకుంటుంది. మంచు చర్మాన్ని తాకగానే కాలేయం తన గ్లైకోజన్‌ను గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి కుమ్మరిస్తుంది. ఆ చక్కెర, ఒంట్లో అంతకుముందే చేరిన యూరియా కలిసి కణాల లోపలి నీటిని కాపాడతాయి. కణాల బయట, చర్మం కింద, పొట్టలో నీరు గడ్డకడుతుంది. ఒంటి నీటిలో మూడింట రెండొంతుల దాకా మంచే. ఊపిరి ఆగుతుంది, గుండె ఆగుతుంది. అలాస్కాలో సహజంగా చలికాలం గడిపిన ఈ కప్పలు మైనస్ 18 డిగ్రీల దాకా తట్టుకున్నాయని, సగటున 193 రోజులు గడ్డకట్టి ఉన్నాయని 2014లో పరిశోధకులు ప్రకటించారు. వసంతంలో మంచు కరిగాక గుండె మళ్లీ కొట్టుకుంటుంది. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో కెన్ స్టోరీ, జానెట్ స్టోరీ దంపతులు దశాబ్దాలుగా ఈ కప్పను చదువుతున్నారు. మార్పిడికి తీసిన అవయవాలను ఎక్కువ కాలం నిలవ చేసే దారి ఇందులో దొరుకుతుందేమోనన్న ఆశ ఆ పరిశోధనకు తోడుగా ఉంది.

మనిషి వైద్యం కప్పకు పడిన బాకీ అసలే పెద్దది. 1791లో గాల్వానీ ప్రచురించిన కప్ప కాళ్ల ప్రయోగాలే నాడుల్లో విద్యుత్తు ఉందన్న ఆలోచనకు మొదలు. 1930ల్లో లాన్సెలాట్ హోగ్‌బెన్ పరిశోధనతో వచ్చిన గర్భనిర్ధారణ పరీక్షలో స్త్రీ మూత్రాన్ని ఆఫ్రికా గోళ్ల కప్పకు ఎక్కించేవారు. ఆ స్త్రీ గర్భవతైతే గంటల్లో కప్ప గుడ్లు పెట్టేది. అదే జాతి తోకకప్ప పేగు కణం నుంచి కొత్త కప్పను పుట్టించిన జాన్ గర్డన్‌కు 2012లో నోబెల్ వచ్చింది. మన దేశంలో తరాల తరబడి జువాలజీ విద్యార్థులు కప్పను కోసి గుండె, పేగులు చూశారు. కళాశాలల్లో ఆ కోతలు ఆపాలని 2014లో యూజీసీ చెప్పింది.

చర్మం దగ్గరే దెబ్బ

1970లు, 80ల్లో మన పొలాల బోదురు కప్పలు బస్తాల్లో నిండి, కాళ్లు మాత్రం గడ్డకట్టించి యూరప్, అమెరికా హోటళ్లకు వెళ్లేవి. ఏటా వేల టన్నులు. బతికుండగానే కాళ్లు నరికేవారన్న సంగతి, పురుగుల్ని తినే ప్రాణి పొలంలోంచి మాయమైతే పంటకేం జరుగుతుందన్న ప్రశ్న దేశమంతా చర్చకొచ్చాయి. 1987లో ఎగుమతి నిషేధించారు. అది సరైన నిర్ణయం. మరి కొన్నేళ్లు ఆగి ఉంటే ఈ తొలకరి రంగులు చూసే భాగ్యం ఎన్ని ఊళ్లకు మిగిలేదో.

వల వేసే చేతిని చట్టం ఆపగలిగింది. చర్మం గుండా వచ్చే శత్రువును ఆపడం అంత తేలిక కాదు. మన మొక్కజొన్న చేలల్లోనూ చల్లే అట్రాజిన్ అనే కలుపుమందును బిలియన్‌లో రెండున్నర వంతుల మోతాదులో కలిపిన నీటిలో టైరోన్ హేస్ బృందం మగ గోళ్ల కప్పల్ని పెంచింది. వాటిలో 10 శాతం ఆడవిగా మారి గుడ్లు పెట్టాయని 2010లో ప్రకటించింది. ఆ ఫలితాల మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. ఒకటి మాత్రం తిరుగులేనిది. నీటిలో కలిసింది ఏదైనా కప్పకు తినాల్సిన, తాగాల్సిన అవసరం లేకుండానే ఒంట్లోకి చేరుతుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ కైట్రిడ్ అనే శిలీంధ్రం. 1999లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. కప్ప చర్మపు పైపొరలోని కెరాటిన్ మీద పెరుగుతుంది. చర్మం మందమవుతుంది, సోడియం, పొటాషియం సమతూకం తప్పుతుంది, చివరికి గుండె ఆగిపోతుంది. ఈ చావు తీరును 2009లో ఆస్ట్రేలియా కప్పల మీద స్పష్టంగా చూపారు. కనీసం 501 ఉభయచర జాతులు ఈ జబ్బుతో తగ్గిపోయాయని, వాటిలో 90 పూర్తిగా అంతరించినట్టేనని 2019 నాటి లెక్క. మధ్య అమెరికాలో కైట్రిడ్ ఒక కొండ తరువాత మరో కొండకు పాకుతూ పోయిన దారినే, కప్పలు పోయిన చోట్ల కొన్నేళ్లపాటు మలేరియా పెరిగిందని కోస్టారికా, పనామా రికార్డులు సరిపోల్చిన 2022 అధ్యయనం చెప్పింది. దోమల పిల్లల్ని తినేవాళ్లు లేకుండా పోయారు మరి.

కప్ప పోతే దానితో పాటు అది నేర్పగలిగిన విద్యా పోతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వాగుల్లో 1970ల్లో వెలుగులోకి వచ్చిన ఒక కప్ప తన గుడ్లను తానే మింగి, పొట్టలో పిల్లల్ని పెంచేది. ఆ ఆరేడు వారాలూ తిండి మానేసేది. గుడ్ల నుంచి, పిల్లల నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తల్లి పొట్టలో ఆమ్లం ఊరకుండా ఆపేది. కడుపులో పుండ్లకు మందు దొరుకుతుందేమోనని వైద్యులు దాని వైపు చూశారు. పదేళ్లు తిరక్కుండానే ఆ కప్ప కనపడకుండా పోయింది. మళ్లీ ఎవరూ చూడలేదు.

మన పశ్చిమ కనుమల కప్పల్లోనూ కైట్రిడ్ జాడ బయటపడింది గానీ, ఇక్కడ గుట్టలుగా చచ్చిన దాఖలాలు లేవు. ఈ శిలీంధ్రం మూలాలు తూర్పు ఆసియాలో ఉన్నాయని 2018లో జన్యు పరిశోధన సూచించింది. ఆసియా కప్పలు దీనితో చాలా కాలంగా కలిసి బతుకుతూ ఉండవచ్చు. ఆస్ట్రేలియాలో మాత్రం ఇంకా పోరాటమే. సిడ్నీలోని మాక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథోనీ వాడల్ బృందం 2024లో ఒక చౌకైన ఉపాయం ప్రచురించింది. 30 డిగ్రీల దగ్గరి వేడిని ఈ శిలీంధ్రం తట్టుకోలేదు. అందుకని బొక్కలున్న ఇటుకలకు నల్ల రంగు వేసి, పేర్చి, మీద చిన్న ప్లాస్టిక్ గుడారం కప్పారు. చలికాలంలో కప్పలు తమంతట తామే ఆ వెచ్చటి బొక్కల్లోకి దూరాయి, జబ్బు వదిలించుకున్నాయి. ఒకసారి అలా కోలుకున్నవి మళ్లీ సోకినప్పుడు మెరుగ్గా తట్టుకున్నాయి. ఎవరి పెరట్లోనైనా కట్టుకోవడానికి వీలుగా ఆ ఇటుకల గూడు తయారీ విధానాన్ని ఆ బృందం అందరికీ అందుబాటులో పెట్టింది.